పిల్లల బ్యాండుతో పాటల ఆల్బమ్, దానికి జోడీ వీడియో: మొదటి రిహార్సల్ నుంచి విడుదల దాకా

తెలుగులో పిల్లల పాటలకు కొదవ లేదు. ఫోన్లో వెతికితే వందలు దొరుకుతాయి. కానీ వాటిలో పిల్లలు పాడినవి తక్కువ. పెద్దవాళ్లు గొంతు సన్నం చేసుకుని పాడతారు, తెర మీద బొమ్మలు గెంతుతుంటాయి, చూసే పాప మాత్రం కదలకుండా కూర్చుంటుంది. దీన్ని మార్చడం మన చేతుల్లోనే ఉంది. మీ అపార్ట్‌మెంటులోనో, బడిలోనో, అమెరికాలో వారాంతపు తెలుగు తరగతిలోనో ఎనిమిది మంది పిల్లలుంటే చాలు, వాళ్ల గొంతులతోనే ఒక ఆల్బమ్, దానికి జోడీగా ఒక వీడియో తయారవుతుంది. దీనికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

పాట పిల్లల గొంతుకు సరిపోవాలి. వీడియో చూసే పిల్లలకు చేయడానికి ఒక పని ఉండాలి. కింద చెప్పే నిర్ణయాలన్నీ ఈ రెండింటి నుంచే వస్తాయి.

ముందు కొందరిని చూసి నేర్చుకుందాం

విగుల్స్ అనే బృందం 1991లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మొదలైంది. అందులో ఆంథొనీ ఫీల్డ్, ముర్రే కుక్, గ్రెగ్ పేజ్ మక్వారీ యూనివర్సిటీలో చిన్నపిల్లల విద్య చదివినవాళ్లు. ఆ ఏడాదే మొదటి ఆల్బమ్ తెచ్చారు, 1993లో వీడియో చేశారు. ఎరుపు, పసుపు, నీలం, ఊదా రంగుల చొక్కాలు వేసుకునేవాళ్లు. పేరు పలకడం రాని పసివాడు కూడా రంగు చెప్పి మనిషిని గుర్తుపట్టేవాడు. ఊదా చొక్కా జెఫ్ ఫ్యాట్ మిగతా ముగ్గురిలా పిల్లల విద్య చదువుకోలేదు. ఆయనకు పెట్టిన పని ఉన్నట్టుండి నిద్రలోకి జారుకోవడం. అప్పుడు చూసే పిల్లలంతా అరిచి ఆయన్ని లేపాలి. చాలా చిన్న ఎత్తుగడే. కానీ దానివల్ల తెర ముందున్న పాపకు ఒక బాధ్యత దొరికింది. వీడియో తీయబోయే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

అమెరికాలోని దే మైట్ బీ జెయింట్స్ మొదట పెద్దల కోసం పాడిన రాక్ బ్యాండు. ఆ తరవాత పిల్లల కోసం 2005లో అక్షరాల మీద, 2008లో అంకెల మీద, 2009లో సైన్సు మీద ఆల్బమ్‌లు చేసి, వాటికి జోడీగా వీడియోలు ఇచ్చారు. అంకెల ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. నాకు సైన్సు ఆల్బమ్ మీద ఎక్కువ గౌరవం. సూర్యుడు మండే వాయుగోళం అని చెప్పే 1959 నాటి పాటను అందులో పాడారు. ఆ వెంటనే, సూర్యుడు వాయువు కాదు ప్లాస్మా అని సరిదిద్దుతూ ఇంకో పాట పెట్టారు. పిల్లల పాటలో విషయం తప్పుంటే అది ఏళ్లపాటు వాళ్ల నోట్లో ఉండిపోతుంది. అందుకే మీ పాటలో పిట్ట పేరో, గ్రహం పేరో, నది పేరో వస్తే తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి.

గొంతుల విషయంలో కెనడాను చూడాలి. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని లాంగ్లీ ప్రాంతపు బడుల్లో హాన్స్ ఫెంగర్ అనే సంగీతం టీచరు 1976–77లో పిల్లల బృందగానాన్ని బడి వ్యాయామశాలలోనే, రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేశాడు. 2001లో ఆ రికార్డింగులు మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం వాటిని విన్నది. శ్రుతి అక్కడక్కడా జారుతుంది, తాళం కొంచెం ముందుకూ వెనక్కూ పోతుంది, ఆ హాలు ప్రతిధ్వని అంతటా వినిపిస్తుంది. అయినా వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటే పాడుతున్నది నిజంగా పిల్లలు.

మనకు బాలానందం అనే పిల్లల రేడియో కార్యక్రమం ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా మద్రాసు ఆకాశవాణి నుంచి, తరవాత హైదరాబాదు నుంచి పిల్లలనే మైకు ముందుకు తెచ్చారు. కొత్తగా మనం చేయబోయేది ఆ దారిలోనిదే.

1. బృందాన్ని కూర్చడం

ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మంది బాగుంటారు. నలుగురైతే ఒకరికి జలుబు చేసినా పాట పలచబడుతుంది. పదిహేను మందైతే మైకు ముందు నిలబెట్టడానికే సమయం చాలదు. బాగా పాడేవాళ్లనే ఏరుకోకండి. ఇద్దరు గట్టిగా శ్రుతి పట్టేవాళ్లుంటే మిగతావాళ్లు వాళ్ల గొంతు పట్టుకుని వచ్చేస్తారు. పాడటానికి సిగ్గుపడే పిల్లాడికి చిడతలో, చిన్న డప్పో, కంజీరానో ఇవ్వండి. రెండు వారాలకు వాడే పాడుతుంటాడు.

పెద్దవాళ్లు ముగ్గురు కావాలి. ఒకరు సంగీతం చూసుకుంటారు, ఒకరు వీడియో, మూడోవారు పిల్లల్ని మాత్రమే చూసుకుంటారు. నీళ్లు, అరటిపండ్లు, బాత్‌రూము, అలకలు, ఇంటికి ఫోన్లు, ఇవన్నీ మూడోవారి పనే. ఈ పని వేరొకరికి అప్పజెప్పకపోతే సంగీతం చూసేవాళ్ల దృష్టి మాటిమాటికీ చెదిరిపోతుంది.

పని మొదలుపెట్టడానికి వేసవి సెలవులు అనువుగా ఉంటాయి. అప్పుడు పాటలు నేర్పి, బడులు తెరిచేలోపు ఆడియో రికార్డు చేయండి. వీడియోకు దసరా సెలవులు ఉండనే ఉన్నాయి. విడుదల నవంబర్ 14 బాలల దినోత్సవానికి పెట్టుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి బడి సెలవులను బట్టి సర్దుకోండి.

2. ఏ పాటలు, ఎవరి హక్కులు

ఎనిమిది పాటలు చాలు, ఒక్కోటి రెండు, రెండున్నర నిమిషాలు. ఆల్బమ్ మొత్తం ఇరవై నిమిషాలు దాటకపోతే కారులో బడికి వెళ్లి వచ్చేలోపు పూర్తిగా వినేయొచ్చు. గెంతే పాటలు మూడు, పని చేస్తూ పాడుకునేవి రెండు, అర్థంపర్థం లేకుండా సరదాగా సాగేది ఒకటి, లెక్కల పాట ఒకటి, చివర్లో జోల పాట. వరస కూడా ముఖ్యమే. మొదటి పాట వినగానే కాలు కదలాలి, చివరిది కన్ను మూతపడేలా ఉండాలి.

చెమ్మచెక్క, ఒప్పులకుప్ప లాంటి ఆటల్లో తరతరాలుగా పాడుకుంటున్న జానపదాలు ఎవరి సొత్తూ కావు. ధైర్యంగా పాడించండి. కానీ ఎవరో చేసిన రికార్డింగునో, దానికి వాళ్లు కట్టిన కొత్త సంగీతాన్నో ఎత్తుకోకూడదు. రచయిత పేరు తెలిసిన గేయమైతే లెక్క వేరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత కాలం చేసిన తరవాతి ఏడాది నుంచి 60 ఏళ్లపాటు హక్కు వారి వారసులకు ఉంటుంది. బాగా తెలిసిన బాలగేయాలు కూడా చాలావరకు ఈ గడువులోనే ఉన్నాయి. ఇంటికి వెళ్లి అడగండి. పిల్లలు పాడతారంటే సంతోషించే కుటుంబాలే ఎక్కువ. కాకపోతే ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

సినిమా పాటలకు నేనైతే వద్దనే చెబుతాను. చట్టంలోని 31సీ సెక్షను కింద, మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండరు సంవత్సరాలు గడిస్తే, ముందుగా నోటీసిచ్చి, రాయల్టీ కట్టి కవర్ వెర్షన్ (అదే పాటను వేరేవాళ్లు మళ్లీ పాడి చేసే రికార్డింగు) చేసుకోవచ్చు. కానీ ఏటా కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలన్న షరతు ఉంది. పైగా ఆ వెసులుబాటు ఆడియోకే. అదే పాటకు వీడియో తీయాలంటే హక్కుదారుల అనుమతి వేరుగా కావాలి. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఎనిమిదింటిలో ఐదు పాటలు మీరే రాసుకోండి, మూడు జానపదాలు తీసుకోండి, ఏ చిక్కూ ఉండదు. ఎవరు మాటలు రాశారు, ఎవరు బాణీ కట్టారు అన్నది మొదటిరోజే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి.

3. పాట రాయడం

ఇక్కడ తొందర పనికిరాదు. పిల్లల నోటికి ఎక్కని మాటను ఏ స్టూడియో కూడా బాగుచేయలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. బస్సు మీద పాట రాయాలనుకుందాం. ఎయిర్‌పోర్టు బస్సు కాదు, పల్లెవెలుగు. కండక్టరు ‘రైట్ రైట్’ అంటే కదిలి ‘హోల్డాన్’ అంటే ఆగే బస్సు.

పల్లె వెలుగు బస్సు వచ్చె – రైట్ రైట్!
పరుగు పరుగు తాత ఎక్కె – రైట్ రైట్!
బుట్ట లోన కోడి కూసె – హోల్డాన్!
కోడి కెంత టికెటు అన్నా?

ప్రతి పాదంలో నాలుగు ముక్కలున్నాయి, ఒక్కో ముక్కకూ మూడు మాత్రలు (హ్రస్వాక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ, ఒత్తున్న అక్షరానికి ముందున్న దానికీ రెండు). పల్లె, వెలుగు, బస్సు, వచ్చె: ఏది చూసినా మూడే, పాట చివరి ‘అన్నా’ ఒక్కటి తప్ప. ఇది తిస్ర నడక. పిల్లలు గెంతుతూ పాడటానికి దీన్ని మించింది లేదు. మొదటి పాదం చివర ‘వచ్చె’ బదులు మామూలు మాటలో లాగా ‘వచ్చింది’ అని రాసి చూడండి. ఐదు మాత్రలవుతుంది. పెద్దవాళ్లయితే ఎలాగోలా ఇరికించి పాడేస్తారు. పిల్లలు అక్కడ ఊపిరి తప్పి, వెనకొచ్చే ‘రైట్ రైట్’ను ఆలస్యంగా అందుకుంటారు. పాట మొత్తం జారిపోతుంది. రాసిన ప్రతి పాదాన్నీ చప్పట్లు కొడుతూ చదివి చూడండి. చప్పట్ల మధ్య నాలుక ఎక్కడ తడబడిందో అక్కడ మాట మార్చాలి.

బాణీ కట్టేటప్పుడు హ్రస్వ దీర్ఘాల మీద ఒక కన్నేసి ఉంచండి. ‘కల’ అన్న మాట మొదటి అక్షరాన్ని సాగదీస్తే వినేవాళ్లకు ‘కాల’ అవుతుంది. అచ్చులు ఇప్పుడిప్పుడే నేర్చుకునే పిల్లలకు, ముఖ్యంగా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునే పిల్లలకు, పాటే ఉచ్చారణ నేర్పుతుంది. సాగదీయాలనుకుంటే పాదం చివరి అక్షరాన్ని సాగదీయండి. పై పాటలో ‘అన్నా’ అందుకే చివర్లో ఉంది.

ఇంకో సంగతి. ఈ పాటలో ‘రైట్ రైట్’, ‘హోల్డాన్’ అందరూ కలిసి అరిచే జవాబులు. పాదం ఒకరు పాడితే జవాబు గుంపంతా ఇస్తుంది. మాటలు రాని మూడేళ్ల తమ్ముడు కూడా ‘హోల్డాన్’ దగ్గర కలుస్తాడు. ప్రతి పాటలో ఇలాంటి చోటు ఒకటి ఉండేలా చూసుకోండి. రేపు వీడియోకు ప్రాణం పోసేది ఇదే.

4. శ్రుతి, వేగం

ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు కీబోర్డు మధ్యలోని ‘సి’ నుంచి దాని పైనున్న ‘ఎ’ దాకా హాయిగా ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే ఒకటి శ్రుతిలో మధ్యస్థాయి స నుంచి ద వరకు. పదేళ్లు దాటినవాళ్లు తారస్థాయి స అందుకుంటారు. బాణీ మొత్తం ఈ హద్దులోనే ఉండాలి.

మగవాళ్లు పాడి నేర్పిస్తుంటే కొంచెం జాగ్రత్త అవసరం. పిల్లలు ఆయన స్థాయి కోసం వెతుక్కుంటూ గొంతు కిందికి దించేసి గొణుగుతారు. అక్కయ్యో, పెద్ద పిల్లో పాడి వినిపిస్తే, లేదా కీబోర్డు మీద స్వరం ఇస్తే ఇబ్బంది ఉండదు. శ్రుతి ఖాయం చేసేముందు బాగా పాడే పిల్ల చేత కాకుండా, అందరికన్నా మెల్లగా పాడే పిల్ల చేత పాడించి చూడండి. ఆ పిల్లకు సుఖంగా ఉంటే అందరికీ ఉంటుంది.

బస్సు పాటకు ఒక్కో ముక్కకు ఒక దెబ్బ చొప్పున నిమిషానికి 80 నుంచి 90 దెబ్బలు సరిపోతాయి. అంతకు మించితే ‘పరుగు పరుగు’ నాలుకకు అందదు.

5. రిహార్సల్

వారానికి మూడు రోజులు, రోజుకు నలభై నిమిషాలు. కాగితాలు ఇవ్వకండి. చేతిలో కాగితముంటే తల వంగుతుంది, గొంతు నొక్కుకుంటుంది. ఒక పాదం పాడి వినిపించి తిరిగి అనిపిస్తే ఒక పాట రెండు రోజుల్లో నోటికి వస్తుంది. కూర్చోబెట్టి కాదు, నిలబెట్టి, చేతులు కాళ్లు కదిలిస్తూ నేర్పండి. ఆ కదలికలే తరవాత వీడియోలోకి వస్తాయి. ఎవరు ఏ కదలిక కనిపెట్టారో రాసి పెట్టుకోండి, పిల్లలు కనిపెట్టినవే బాగుంటాయి.

6. ఆడియో రికార్డింగు

స్టూడియోకు వెళ్లగలిగితే మంచిదే. కానీ గాజు తలుపు వెనక కూర్చున్న ఇంజినీరును చూసి పిల్లలు బిగుసుకుపోతారు. తెలిసిన గదిలోనే రికార్డు చేయడం నాకు ఇష్టం. పరుపులు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న పడకగది బాగుంటుంది. ఖాళీ హాల్లో గోడల మోత ఎక్కువ. గోడకు పరుపు నిలబెట్టి, నేల మీద జంపఖానా పరిస్తే సగం మోత పోతుంది.

ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి, పక్క గదిలో ఫ్రిజ్ ఆపాలి. అందుకని ఎండాకాలం మధ్యాహ్నాలు పెట్టుకోకండి. తెల్లవారుజామున కుక్కర్ల కూతలు మొదలయ్యేలోపు పిల్లలు లేవరు, సాయంత్రం బండ్ల మోత. ఆదివారం ఉదయం పది, పన్నెండు మధ్య చాలా కాలనీల్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ముందురోజు అదే సమయానికి గదిలో ఫోన్‌ పెట్టి పది నిమిషాలు రికార్డు చేసి వినండి. మీ చెవి పట్టించుకోని చప్పుళ్లన్నీ అందులో వినిపిస్తాయి.

సామాను పెద్దగా అక్కర్లేదు. రెండు కండెన్సర్ మైకులు, రెండు ఇన్‌పుట్లున్న ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను లాప్‌టాప్‌కు కలిపే పెట్టె), లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు. కండెన్సర్ మైకు పనిచేయాలంటే ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ నొక్కాలి. రికార్డింగు సాఫ్ట్‌వేర్లలో ఆడాసిటీ ఉచితం, రీపర్ చవక, ఐప్యాడ్ ఉంటే గరాజ్‌బ్యాండ్ చాలు. మొదటి నుంచీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల మీద పెట్టుకోండి. వీడియో కూడా 48 మీదే నడుస్తుంది కాబట్టి తరవాత మార్పిడి తలనొప్పి ఉండదు.

ముందు మెట్రోనోమ్ (తాళం వేసే పరికరం) పెట్టుకుని కీబోర్డు, డప్పు, చిడతలు రికార్డు చేయండి. దాని మీద ఒక పెద్దవాళ్లు పాట మొత్తం పాడి పెట్టాలి. ఇది దారి చూపడానికే, చివర్లో తీసేస్తాం. తరవాత పిల్లలు.

పిల్లల్ని అర్ధచంద్రాకారంలో, మైకులకు మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టండి. మెల్లగా పాడేవాళ్లు ముందు, గట్టిగా పాడేవాళ్లు వెనక. మైకు ఎత్తు పిల్లల నుదురు దగ్గర ఉంటే, పాడేటప్పుడు తల పైకెత్తుతారు, గొంతు తెరుచుకుంటుంది. అందరికీ హెడ్‌ఫోన్లు దొరకవు, దొరికినా చిన్నవాళ్లకు బరువు. మైకుల వెనక వైపు ఒక చిన్న స్పీకరు పెట్టి సంగీతాన్ని మెల్లగా వినిపించండి. కార్డియాయిడ్ మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువ పట్టుకుంటుంది కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. వాళ్లు ఎంత గట్టిగా అరిచినా మీటరు మైనస్ పది డెసిబెల్స్ దాటకుండా స్థాయి సర్దుకోండి. ‘రైట్ రైట్’ దగ్గర అరుపు ఎంత పెరుగుతుందో పరీక్షించే స్థాయి పెట్టాలి, మొదటి పాదం చూసి కాదు.

ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా మూడు నాలుగు సార్లు పాడించండి. తప్పుపోయిన పాదాన్ని పట్టుకుని అదొక్కటే పదిసార్లు అనిపించకండి. ఐదోసారికి ముఖాలు వాడిపోతాయి, ఆ వాడిపోవడం గొంతులో వినిపిస్తుంది. నాలుగు టేకుల్లో మంచి ముక్కలు ఏరి అతకవచ్చు. ‘తప్పు’ అనే మాట ఆ గదిలో వాడకండి, ‘ఇంకొకటి పాడదాం’ అనండి. ఇరవై నిమిషాలకొకసారి విరామం ఇచ్చి, రోజుకు రెండు పాటలతో ఆపేయండి.

విరామంలో కూడా రికార్డింగు నడుస్తూనే ఉండనివ్వండి. వాళ్ల నవ్వులు, కబుర్లు, ఎవరో ఉన్నట్టుండి కోడిలా కూయడం పాటల మధ్య పెట్టుకోవడానికి బంగారంలా పనికొస్తాయి. చివరగా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడగా గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేయండి. అతుకుల మధ్య నింపడానికి అది కావాలి.

7. మిక్సింగు

గొంతుల్లో వంద హెర్ట్జ్‌కు కింద ఉండే గుర్రుగుర్రు తీసేయండి. కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడాను తగ్గించడం) తక్కువగా వేయండి. శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ జోలికి వెళ్లవద్దని నా గట్టి మాట. ఎనిమిది గొంతులు కొంచెం కొంచెం తేడాగా ఉండటం వల్లే అది గుంపులా వినిపిస్తుంది, సరిచేస్తే కీబోర్డులోని కోరస్ మీటలా తయారవుతుంది. మాటలు సంగీతం మీద తేలాలి. మొత్తం శబ్దస్థాయి, చెవికి వినిపించే బిగ్గరతనాన్ని కొలిచే లెక్కలో, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర, అత్యధిక స్థాయి మైనస్ ఒకటి డెసిబెల్ దాటకుండా ఉంచితే స్ట్రీమింగ్ యాప్‌లకు సరిపోతుంది. తరవాత మామూలు ఫోన్ స్పీకరులో వినండి. ఎక్కువమంది పిల్లలు వినేది అందులోనే. అక్కడ మాట స్పష్టంగా లేకపోతే మళ్లీ కూర్చోవాలి.

ప్రతి పాటకూ గొంతులు తీసేసి సంగీతం మాత్రమే ఉన్న ట్రాకు కూడా తయారుచేసి పెట్టండి. బడి వార్షికోత్సవంలో టీచర్లు ముందు అడిగేది దాన్నే.

8. జోడీ వీడియో

ఎనిమిది పాటలకూ వీడియో తీయాలనుకోకండి. మూడు బాగా తీయండి. మిగతా ఐదింటికి పిల్లలు గీసిన బొమ్మల మీద పాట మాటలు వచ్చేలా చేస్తే చాలు.

మిక్సింగు పూర్తయ్యాకే షూటింగు. వీడియో తీసేటప్పుడు పాట స్పీకరులో మోగుతుంటే పిల్లలు దాంతో కలిసి పాడతారు. బ్లూటూత్ స్పీకరు వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది. వైరుతో కలిపిన స్పీకరు పెట్టండి. ప్రతి షాటుకు ముందు కెమెరా ఎదుట ఒక చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో కెమెరా పట్టిన శబ్దాన్ని అసలు పాటతో సరిపెట్టి, తరవాత కెమెరా శబ్దాన్ని తీసేస్తారు.

ఇప్పుడు బస్సు పాట. మేడ మీద పది కుర్చీలు రెండు వరసలుగా వేయండి. అట్టతో స్టీరింగు. ఒక పిల్లకు కండక్టరు సంచి, ఒకడికి తాత కండువా, ఒక బుట్ట. కోడి బొమ్మ చాలు. ‘రైట్ రైట్’ అనగానే అందరూ కుర్చీల్లో ఊగాలి, ‘హోల్డాన్’ అనగానే ఒక్కసారిగా ముందుకు తూలి బిగుసుకుపోవాలి. అక్కడ సంగీతం కూడా నాలుగు దెబ్బల సేపు ఆగిపోవాలి. ఇది మిక్సింగులోనే అనుకుని పెట్టుకోవాల్సిన ఖాళీ. ఆ నాలుగు దెబ్బల్లో కండక్టరు కెమెరా వైపు, అంటే చూసే పిల్లల వైపు తిరిగి, ఎవరైనా కదిలారా అని కళ్లతో వెతుకుతుంది. ఇంట్లో చూసే పాప బిగుసుకుని నిలబడి నవ్వాపుకుంటుంది. జెఫ్ ఫ్యాట్‌ను లేపడం లాంటి పని మన పాపకూ దొరికింది.

కెమెరా పిల్లల కళ్ల ఎత్తులో ఉండాలి. పెద్దవాళ్లు నిలబడి కిందికి తీస్తే పిల్లలు మరుగుజ్జుల్లా కనిపిస్తారు. షాటును ఆరేడు సెకన్లయినా నిలపండి. చూసి అనుకరించడానికి పిల్లలకు అంత సమయం కావాలి. టపటపా మారే కట్‌లలో వాళ్లు చేతి కదలికను పట్టుకోలేరు. ఎదురుగా నిలబడి చేయించే పిల్ల అద్దంలో లాగా చేయాలి. ‘కుడి చెయ్యి’ అన్నప్పుడు తను ఎడమ చెయ్యి ఎత్తితేనే చూసేవాళ్లకు కుడి వైపు కనబడుతుంది.

ఫోన్‌తో తీసినా ఏం ఫర్వాలేదు. సెట్టింగుల్లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వేరే వేగంలో తీస్తే ట్యూబులైట్లు, కొన్ని ఎల్‌ఈడీలు వీడియోలో మినుకుమంటాయి. అమెరికాలో తీసేవాళ్లు 60 హెర్ట్జ్ కరెంటుకు తగ్గట్టు 30 ఫ్రేములు, 1/60 పెట్టుకోవాలి. ఎక్స్‌పోజరు, ఫోకసు లాక్ చేయండి, లేకపోతే ఎవరు కదిలినా వెలుగు మారిపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. ఉదయం ఎనిమిదిలోపు, లేదా మబ్బు పట్టిన రోజు మంచిది.

తెర మీద పాట మాటలు తప్పకుండా వేయండి, తెలుగు చదవడం నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి సాధన లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. పిల్లలకు మండలి చదవడానికి సులువు. ఎడిటింగు సాఫ్ట్‌వేర్లలో కొన్ని మన ఒత్తులను విడగొట్టేస్తాయి, ‘బస్సు’లో స ఒత్తు పక్కకు జారుతుంది. సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకు తగ్గ టెక్స్ట్ ఇంజిన్ ఉంటే దాన్ని ఎంచుకోండి, లేకపోతే మాటలను వేరేచోట పారదర్శక చిత్రాలుగా చేసి తెచ్చి పెట్టండి. విడుదలకు ముందు తెలుగు బాగా వచ్చిన ఒకరు ప్రతి అక్షరం చూడాలి.

9. పిల్లల భద్రత

ప్రతి పిల్ల తల్లిదండ్రుల దగ్గరా రాతపూర్వక అంగీకారం తీసుకోండి. ఎక్కడ వాడతారో, తీసేయమంటే ఎన్ని రోజుల్లో తీసేస్తారో అందులో ఉండాలి. పిల్ల కూడా ఒప్పుకోవాలి. షూటింగు రోజు పొద్దున వద్దంటే బలవంతం చేయకూడదు. ఇంటిపేర్లు వేయకండి. బడి బ్యాడ్జి, అపార్ట్‌మెంటు బోర్డు, కారు నంబరు ఫ్రేములో లేకుండా చూసుకోండి.

ఇది వ్యాపారంగా చేస్తుంటే చట్టం స్పష్టంగా ఉంది. 2016 సవరణ తరవాత బాలకార్మిక నిబంధనల ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు కళాకారులుగా పనిచేయాలంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యులు ఉండాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరుతో జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేయాలి. డబ్బు ప్రమేయం లేని బృందమైనా ఈ గంటల లెక్కను పాటించండి, అది పిల్లల మంచికే పెట్టింది.

10. విడుదల

స్ట్రీమింగ్ యాప్‌లకు పాటలు పంపడానికి ఒక డిస్ట్రిబ్యూటరు కావాలి. నెల ముందే అప్‌లోడ్ చేయండి. ప్రతి రికార్డింగుకూ పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య (అది ఏ రికార్డింగో గుర్తుపట్టే కోడు) ఉండాలి, వీడియోకు ఇంకొకటి. భారతదేశంలో దీన్ని ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ చూస్తుంది, మామూలుగా డిస్ట్రిబ్యూటర్లే ఇచ్చేస్తారు. ముఖచిత్రం 3000 బై 3000 పిక్సెళ్లు, పిల్లలు గీసిందైతే మరీ బాగుంటుంది. పాట పేర్లు తెలుగు లిపిలో ఇవ్వండి, భాష దగ్గర తెలుగు అని ఎంచుకోండి.

యూట్యూబ్‌లో ‘పిల్లల కోసం చేసినది’ అని గుర్తు పెట్టడం తప్పనిసరి. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, న్యూయార్క్ రాష్ట్రానికి కలిపి 17 కోట్ల డాలర్లు కట్టాక యూట్యూబ్ 2020 జనవరి నుంచి ఈ పద్ధతి తెచ్చింది. ఆ గుర్తు పెడితే కామెంట్లు ఉండవు, చూసేవారిని బట్టి వేసే ప్రకటనలు ఉండవు, ఆదాయం బాగా తగ్గుతుంది. ఆ లెక్క ముందే తెలుసుకుని దిగండి.

కాబట్టి పాటలు పిల్లలకు చేరే దారి వేరుగా వెతకాలి. ఆడియో, గొంతులు లేని ట్రాకులు, వీడియోలు, పాటల కాగితం ఒక పెన్‌డ్రైవులో పెట్టి చుట్టుపక్కల బడులకు, అంగన్‌వాడీలకు మీరే వెళ్లి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. వెళ్లేటప్పుడు బృందంలోంచి ఇద్దరు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ప్రార్థన అయ్యాక వాళ్లు ముందు నిలబడి ‘పల్లె వెలుగు బస్సు వచ్చె’ అని ఎత్తుకుంటే, రెండో పాదానికల్లా బడి మొత్తం ‘రైట్ రైట్’ అంటుంది. ఏ పాదం దగ్గర గొంతులు తగ్గాయో అక్కడే గమనించి రాసుకోండి, రెండో ఆల్బమ్‌కు అది పనికొస్తుంది.